దుబాయా, మస్కటా: పరాయి నేల మీద తెలుగువాడి ఇల్లు

కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో "దుబాయా, మస్కటా" అన్న ప్రశ్నకు యాభై ఏళ్ల వయసుంది. 1973లో చమురు ధర పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు ఊపందుకున్నాక, నీళ్లు లేక సేద్యం సాగని జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూరు ప్రాంతాల యువకులు పక్కపక్కనే ఉన్న యూఏఈ, ఒమన్ అనే రెండు దేశాల్లో ఎటు వెళ్లాలో తేల్చుకోవలసి వచ్చింది. తెలివైనవాళ్లు జీతం ఒక్కటే చూసేవారు కాదు. వీసా ఎవరి పేరు మీద వస్తుంది, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది, కఫీల్ (వీసా పూచీపడే యజమాని) ఒప్పుకోకపోతే పని మారే దారి ఉందా అని ముందే వెళ్లి వచ్చినవాళ్లను అడిగేవారు. కొన్నేళ్లుగా అదే ప్రశ్న మాదాపూర్, గచ్చిబౌలి, కోకాపేటల్లో వినిపిస్తోంది. ఇప్పుడు అడిగేది ఐటీ కంపెనీల పెద్ద ఉద్యోగులు, షేర్లు అమ్ముకుని డబ్బు చేసుకున్నవాళ్లు, చిన్న కంపెనీల యజమానులు. వాళ్లకు కావలసింది పని కాదు, సముద్రం కనిపించే విల్లానో ఫ్లాటో. అయితే ఇంటి ప్లాను, ఈతకొలను, చదరపు అడుగు ధర మీద పెడుతున్న దృష్టిలో సగమైనా ఆ దేశం పరదేశికి నేల మీద ఎంత హక్కు ఇస్తుందన్న దాని మీద పెట్టడం లేదు. కూలికి వెళ్లినవాడు అడిగిన ప్రశ్నే కోట్లు పెట్టేవాడూ అడగాలన్నది నా వాదన. దానికి సాక్ష్యం తెలుగువాళ్ల చరిత్రలోనే దండిగా ఉంది.

ఆ సాక్ష్యంలో మొదటిది రంగూన్. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి విశాఖ, గోదావరి జిల్లాల జనం ఓడలెక్కి బర్మా వెళ్లారు. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్లు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లు, రిక్షాలు లాగినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. వెనకే వ్యాపారులు, గుమాస్తాలు, మేస్త్రీలు వెళ్లారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం కాబట్టి అక్కడ ఇల్లు కట్టుకున్నవాడు తాను పరదేశంలో కట్టుకుంటున్నానని అనుకోలేదు. కానీ 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు సమ్మె చేసినప్పుడు, వాళ్ల స్థానంలో బర్మీయులను పెట్టి, సమ్మె తీరగానే ఆ బర్మీయులను తీసేయడంతో అల్లర్లు రేగి చాలా ప్రాణాలు పోయాయి. స్థానికుడి మనసులో మనకు చోటు లేదని చెప్పిన మొదటి గట్టి హెచ్చరిక అది. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయింది. 1942లో జపాన్ సైన్యం వస్తుంటే లక్షలాది మంది అడవుల గుండా అస్సాం వైపు నడిచారు, దారిలో వేలమంది చనిపోయారు. స్వాతంత్ర్యం వచ్చే వేళకు పరదేశులకు స్థిరాస్తి బదిలీ చేయకుండా చట్టం వచ్చింది, ఆ తర్వాత సాగుభూములు జాతీయమయ్యాయి. 1964లో సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వం దుకాణాలను స్వాధీనం చేసుకుని పెద్ద నోట్లు రద్దు చేసింది. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అని ఇప్పటికీ పిలిచే పేట అలా తిరిగొచ్చిన కుటుంబాల గుర్తు.

రెండో సాక్ష్యం మలయా. అదే సముద్రం దాటి, అంతకంటే తక్కువ కూలికి, రబ్బరు తోటలకు, పెరాక్‌లోని బగాన్ దతో కొబ్బరి తోటలకు వెళ్లిన తెలుగువాళ్ల సంతతి ఈనాటికీ అక్కడ ఉంది. 1955లో వాళ్లు పెట్టుకున్న ఆంధ్ర సంఘం మలేషియా తెలుగు సంఘంగా కొనసాగుతోంది. బర్మాలో తెలుగువాడు ఎక్కువ సంపాదించాడు, మలయాలో తక్కువ సంపాదించాడు. అయినా నిలిచింది మలయాలోనే. కారణం నేల సారమో రాజుల దయో కాదు. 1957లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మలయా తన గడ్డ మీద ఉన్నవాళ్లలో చాలామందికి పౌరసత్వానికి తలుపు తెరిచింది. ఆ తలుపు గుండా వెళ్లి కాగితం సంపాదించినవాళ్లు ఉండిపోయారు. 1969 తర్వాత పౌరులు కానివాళ్లకు పని పర్మిట్ తప్పనిసరి చేసినప్పుడు, కాగితం లేని వేలమంది భారతీయులు మలేషియా నుంచి కూడా ఇంటిదారి పట్టారు. ఒకే దేశంలో, ఒకే తోటలో, కాగితం ఉన్నవాడు నిలవడం, లేనివాడు వెళ్లిపోవడం కంటే గట్టి సాక్ష్యం నా వాదనకు అక్కర్లేదు.

ఇక హైదరాబాద్ సంగతి. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు మాదాపూర్ చుట్టూ రాళ్లగుట్టలే ఎక్కువ. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది, ఆ ఏడాది డిసెంబర్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ) లాంఛనంగా ప్రారంభమైంది, 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌లో ఎకరం 100 కోట్లు దాటి పలికింది. ఇక్కడే నేల అంత పిరమయ్యాక, అదే డబ్బుకు దుబాయ్‌లో ఏం వస్తుందని లెక్క వేయడం సహజం. కానీ విదేశంలో ఇల్లు కొనే హక్కు మనకు మన దేశమే చాలా ఆలస్యంగా ఇచ్చింది. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం (ఫెరా) కింద మామూలు మనిషికి అది దాదాపు అసాధ్యం. దాని స్థానంలో ఫెమా 2000 జూన్‌లో అమలుకు వచ్చింది. 2004 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ సరళీకృత చెల్లింపుల పథకం పెట్టి ఏడాదికి మనిషికి 25,000 డాలర్లు పంపే వీలు కల్పించింది. ఆ పరిమితి 2007 నాటికి 2 లక్షలకు పెరిగింది. 2013 ఆగస్టులో రూపాయి పడిపోతుంటే దాన్ని ఒక్కసారిగా 75,000కు కుదించి, ఆ డబ్బుతో విదేశంలో స్థిరాస్తి కొనకూడదని నిషేధించారు. మరుసటి ఏడాది నిషేధం తీసేశారు, 2015లో పరిమితి 2,50,000 డాలర్లయింది. దుబాయ్ చట్టమో మస్కట్ చట్టమో మారకుండానే కొనేవాడి దారి ముంబైలోని రిజర్వ్ బ్యాంకులో మూసుకుపోవచ్చని ఆ నిషేధ కాలం నేర్పింది. వాయిదాల మీద కట్టే ఇంటికి ఒప్పుకున్నవాడికి ఇది పుస్తకాల్లో చదివే చరిత్ర కాదు, రేపటి వాయిదా సంగతి.

ఇప్పుడు ఆ రెండు దేశాల వైపు చూద్దాం. దుబాయ్ 2002లో పరదేశులకు సొంత హక్కుతో ఇళ్లు అమ్మడానికి అనుమతించింది, 2006లో ఏడో నంబర్ చట్టంతో దాన్ని రాతపూర్వకం చేసింది. ఆ చట్టం కూడా నగరమంతా తెరవలేదు. యూఏఈ, గల్ఫ్ సహకార మండలి పౌరులు ఎక్కడైనా కొనవచ్చు, మిగిలినవాళ్లు పాలకుడు నిర్ణయించిన ప్రాంతాల్లోనే కొనాలి. 2007లో బిల్డరు కొనుగోలుదారుల డబ్బును విడిగా ఎస్క్రో ఖాతాలో ఉంచాలని మరో చట్టం వచ్చింది. వెంటనే 2008 సంక్షోభం తాకింది. ధరలు సగానికి దగ్గరగా పడిపోయాయి, ఎన్నో కట్టడాలు ఆగిపోయాయి, 2009 నవంబర్‌లో దుబాయ్ వరల్డ్ అప్పులు వాయిదా వేయమని కోరింది. కొన్నవాళ్లు చాలా నష్టపోయారు. కానీ నేను గమనించమనేది మరో విషయం: అంత ఒత్తిడిలోనూ పరదేశి యాజమాన్య హక్కును ఆ నగరం వెనక్కి తీసుకోలేదు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ రుసుమును 4 శాతానికి పెంచింది. యూఏఈ 2019లో గోల్డెన్ వీసా మొదలుపెట్టింది, 2022లో 20 లక్షల దిర్హాముల ఆస్తి ఉన్నవాళ్లకు పదేళ్ల నివాసం ఇచ్చేలా సడలించింది.

ఒమన్ దారి వేరు. 2006లోనే అక్కడా రాజశాసనం వచ్చింది, కానీ సమగ్ర పర్యాటక ప్రాంతాలని గుర్తించిన చోట్లకే పరిమితంగా. మస్కట్ తీరాన అప్పట్లో ది వేవ్ అని మొదలై ఇప్పుడు అల్ మౌజ్‌గా ఉన్నది వాటిలో పేరున్నది. అలాంటి చోట ఇల్లు కొన్నవాడికి, కుటుంబానికి నివాస అనుమతి దొరుకుతుంది. ఒమన్ తన జనాభా తీరు మారిపోకూడదని జాగ్రత్తగా నడుస్తోంది. అద్దాల మేడల పోటీ లేదు, ఊరు నిదానం, కొండా సముద్రమూ పక్కపక్కనే. నిజంగా వెళ్లి ఉండాలనుకునే దంపతులకు మస్కటే బాగుంటుందని నాకూ అనిపిస్తుంది. అయితే కొనేవాళ్లు తక్కువ ఉన్న చోట అమ్మేవాడు ఎక్కువ కాలం ఎదురుచూడాలి. దుబాయ్‌లో ఇంటికి మరో కొనుగోలుదారు దొరకడం తేలిక.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. బర్మాకీ గల్ఫ్‌కీ పోలికేమిటి, దిర్హాము 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర, ఒమన్ రియాల్ 1986 నుంచి 2.60 డాలర్ల దగ్గర కదలకుండా ఉన్నాయి కదా అంటారు. నిజమే. నే విన్ వంటి ఏలుబడి అక్కడ లేదు, పరదేశి డబ్బు వాళ్లకు అవసరం. కానీ నేను పోల్చేది పాలకుల స్వభావాన్ని కాదు, పౌరసత్వం లేని యజమాని స్థితిని. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌లోకి వచ్చినప్పుడు అక్కడి లక్ష మందికి పైగా భారతీయులను, వాళ్లలో కడప, గోదావరి జిల్లాల వాళ్లెందరినో, విమానాల్లో తీసుకురావలసి వచ్చింది. ఏళ్ల తరబడి కూడబెట్టినదాన్ని అక్కడే వదిలి కట్టుబట్టలతో దిగినవాళ్లున్నారు. పన్నులు లేవన్న మాట కూడా శాశ్వతం కాదు. యూఏఈ 2018లో, ఒమన్ 2021లో 5 శాతం వ్యాట్ తెచ్చాయి, 2028 నుంచి ఏడాదికి 42,000 రియాల్‌లు దాటిన వ్యక్తిగత ఆదాయంపై 5 శాతం పన్ను వేస్తామని ఒమన్ చట్టం చేసింది. అసలు ఇండియాలో నివాసిగా ఉన్నవాడికి దుబాయ్ అద్దె ఆదాయం మీద ఇక్కడ పన్ను ఉండనే ఉంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. సైబరాబాద్‌లో మాత్రం హక్కు భద్రంగా ఉందా అంటారు. రాయదుర్గ్ పన్‌మక్తా, హఫీజ్‌పేట, కోకాపేట రెవెన్యూ గ్రామాల్లో పైగా (నిజాం నాటి జాగీరు) భూములు, మక్తా (ఇనాము) భూములు, సీలింగ్ భూములంటూ నడిచిన వ్యాజ్యాలు తెలిసినవాళ్లు ఆ ప్రశ్న అడగడం న్యాయమే. అంతేకాదు, బయటివాడు భూమి కొంటాడన్న భయం మనకూ కొత్త కాదు. 1956 ఫిబ్రవరి నాటి పెద్దమనుషుల ఒప్పందంలోనే తెలంగాణ వ్యవసాయ భూముల అమ్మకం ప్రాంతీయ మండలి అదుపులో ఉండాలని రాసుకున్నారు. కాబట్టి ఒమన్ తన నేలను కొన్ని చోట్లే తెరిస్తే తప్పుపట్టే హక్కు మనకు లేదు. అయితే ఇక్కడ వివాదంలో పడినవాడు ఓటరు. హైకోర్టుకు వెళ్తాడు, ప్రభుత్వాన్ని మారుస్తాడు, ఊళ్లో నలుగురినీ కూడగడతాడు. మస్కట్‌లోనో దుబాయ్‌లోనో అదే మనిషికి మిగిలేది ఒప్పంద పత్రం ఒక్కటే. అందుకే ఆ పత్రం ఎంత గట్టిదో చూడడం అక్కడ ఇంకా ముఖ్యం.

గోల్డెన్ వీసా కోసం ఆశపడేవాళ్లు ఇంకో లెక్క వేసుకోవాలి. 20 లక్షల దిర్హాములంటే దాదాపు 5 లక్షల 45 వేల డాలర్లు. భార్యాభర్తలిద్దరూ తమ పరిమితిని పూర్తిగా వాడినా ఏడాదికి 5 లక్షల డాలర్లే పంపగలరు. అందుకే ఆర్థిక సంవత్సరం మారేలా మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత పంపే అలవాటు పుట్టింది. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. అది తర్వాత ఆదాయపు పన్నులో సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలులో ఆ ఇంటిని చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. ఇవేవీ బంజారాహిల్స్ హోటళ్లలో జరిగే ప్రాపర్టీ మేళాల కరపత్రాల్లో పెద్ద అక్షరాల్లో కనిపించవు.

ఇన్నీ చూశాక నా తీర్పు ఇది. వెళ్లి స్థిరంగా ఉండాలనుకునేవాళ్లు, మళ్లీ అమ్మే తొందర లేనివాళ్లు మస్కట్ చూడవచ్చు. డబ్బు దాచుకోవడానికి, అవసరమైనప్పుడు అమ్ముకోవడానికి కొనేవాళ్లకు దుబాయే మేలు, ఎందుకంటే అక్కడి చట్టం ఒక పెద్ద పతనాన్ని తట్టుకుని నిలిచింది. అదీ కట్టడం పూర్తయిన ఇల్లయితేనే. రెండు చోట్లా ఆ ఇల్లు పౌరసత్వం ఇవ్వదు. కాబట్టి అది జీవితకాలపు పొదుపులో ఒక భాగమే కావాలి, మొత్తం కాకూడదు. కొన్న రోజే వీలునామా కూడా రాయండి. దుబాయ్‌లో ముస్లిమేతరుల వీలునామాలు నమోదు చేసే దుబాయ్ అంతర్జాతీయ ఆర్థిక కేంద్రం (డీఐఎఫ్‌సీ) రిజిస్ట్రీ 2015 నుంచి పనిచేస్తోంది.