అత్తగారితో ఓడ ప్రయాణం

అత్తగారితో తిరుపతి వెళ్లి రావడమే నాకో పెద్ద యాత్ర. ఫానీ స్టీవెన్సన్ 1888లో అత్తగారితో తెరచాప ఓడెక్కింది! ‘ట్రెజర్ ఐలండ్’ రాసిన భర్తకి ఊపిరితిత్తుల జబ్బు, సముద్రపు గాలి మంచిదని ఆశ. ఆవిడకేమో ఓడ కదిలితే వాంతులు.

జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి, మధ్యలో మార్కెసస్ దీవుల్లో ఆగి, సెప్టెంబరుకి ఫకరావా చేరారు. నీటికి కాస్తే ఎత్తైన దీవి. దగ్గరికెళితేగాని కొబ్బరిచెట్ల తలలైనా కనిపించవు. పగడపు దిబ్బ సందులోంచి లోపలికి దూరితే మాత్రం కెరటమే లేదు, అడుగు కనిపించే నీళ్లు. ఒడ్డున ఇల్లు అద్దెకు తీసుకున్నారు. అత్తగారికి యాభై తొమ్మిదేళ్లు, భర్త పోయింది కిందటేడే. ఆ వయసులో, తెల్ల టోపీ పెట్టుకుని, చుట్టాలకి ఉత్తరాలు రాస్తూ ఎంత హాయిగా తిరిగిందో!

అంత చక్కని చోటా స్టీవెన్సన్‌కి జలుబు పట్టుకుని ముదిరింది. వైద్యుడి కోసం తాహితీకి వెళ్లాలి. పాపం, ఫానీ మళ్లీ మూటాముల్లె సర్దుకుంది.