నాయనమ్మ సోడాబుడ్డి అద్దాలు

పోయిన నెల మా ఆఫీసులో హ్యాకథాన్ పెట్టారు. విషయం: పెద్దవాళ్ళు ఎవరి మీదా ఆధారపడకుండా బతకడానికి టెక్నాలజీ ఏం చెయ్యగలదు. కింద పడితే పసిగట్టే వాచీ, మాత్రల టైముకి మోగే యాప్, కబుర్లు చెప్పే స్పీకరు... కుర్రాళ్ళు బాగానే చేశారు. నేను జడ్జీల్లో ఒకణ్ణి (జుట్టు నెరిస్తే ఇచ్చే ఉద్యోగం అది :)). మార్కులైతే వేశాను గానీ, బుర్ర మాత్రం దేవరకొండకీ కల్వకుర్తికీ మధ్యనున్న మా ఊళ్ళో, మా నాయనమ్మ ముక్కు మీద దారంతో కట్టిన సోడాబుడ్డి అద్దాల దగ్గరే ఆగిపోయింది.

మావైపు ముసలితనం గురించి మాట్లాడితే ముందు ఫ్లోరైడు సంగతి ఎత్తుతారు. న్యాయమే. పటిక, సున్నం కలిపి నీళ్ళలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. మా జిల్లాకొచ్చిన అంతర్జాతీయ ఖ్యాతి అదొక్కటే అనుకుంటా. ఆ కథ ఇంకోసారి. ఇవాళ కళ్ళ సంగతి.

కంట్లో పొర అనే శుక్లానికి మన దేశంలో వైద్యం చాలా పాతది. సుశ్రుత సంహితలోనే ఉంది. సూదితో పొడిచి, మసకబారిన కటకాన్ని కంటి లోపలికే తోసేయడం. అడ్డు తొలగుతుంది, వెలుతురు కనపడుతుంది, చాలాసార్లు కొన్నాళ్ళకి కన్నే పోతుంది. తర్వాత ఆధునిక శస్త్రచికిత్స వచ్చి కటకాన్ని మొత్తంగా బయటికి తీసెయ్యడం మొదలైంది. ఇక్కడే అసలు చిక్కు. కంటికున్న మొత్తం పవరు సుమారు 60 డయాప్టర్లనుకుంటే, అందులో మూడో వంతు ఆ కటకానిదే. అది తీసేస్తే పొర పోతుంది గానీ చూపు కుదరదు. ఆ లోటు పూడ్చడానికే ప్లస్ 10 ప్రాంతంలో ఉండే ఆ లావాటి అద్దాలు. వాటిలోంచి చూస్తే ప్రతిదీ పావువంతు పెద్దగా, దగ్గరగా కనపడుతుంది. గడప ఉన్నచోట ఉండదు, చెంబు చేతికి అందినట్టే ఉండి అందదు. అద్దం అంచుల దగ్గర చుట్టూ ఏమీ కనపడని వలయం ఒకటి. పక్కనుంచి మనిషి ఊడిపడ్డట్టు ప్రత్యక్షమవుతాడు.

జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైంది. స్కూళ్ళలో బెంచీలు పక్కకి జరిపి క్యాంపులు పెట్టేవారు. మా నాయనమ్మకి 1986లో అలాంటి క్యాంపులోనే ఆపరేషన్ చేశారు. పచ్చగుడ్డ కట్టించుకుని ఎడ్లబండి మీద వచ్చింది. కొన్ని వారాలకి అద్దాలిచ్చారు. ఆమె మళ్ళీ బియ్యంలో రాళ్ళు ఏరింది, ఒక్కతే చేను దాకా పోయొచ్చింది. ఎవరినైనా చూడాలంటే ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని చూసేది. అది ఆమె అలవాటు అనుకునేవాళ్ళం.

రెండేళ్ళకి ఆ అద్దాలు కింద పడి కుడివైపుది పగిలింది. కొత్తవి కావాలంటే దేవరకొండో నల్లగొండో తీసుకుపోవాలి. "ఈ వయసుల నాకెందుకు బిడ్డా అద్దాలు, పొలగాని ఫీజు గట్టు" అని మా నాయనతో అంది. నాయన కట్టాడు. పొలగాడు అంటే నేనే. ఆమె ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది, ఆ తొమ్మిదేళ్ళూ అరుగు దిగాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాల్సిందే. ప్రభుత్వ లెక్కలో మాత్రం ఆమె 'ఆపరేషన్ అయిన కేసు'. మన భాషలో చెప్పాలంటే టికెట్ క్లోజ్డ్. ఎన్ని ఆపరేషన్లు అయ్యాయో లెక్కపెట్టారు గానీ, ఎందరికి కనపడుతోందో కాదు.

తమాషా ఏంటంటే, దీనికి పరిష్కారం అప్పటికే పాతబడింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కాక్‌పిట్ పైకప్పు పగిలి ఆ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకుంటే, కన్ను వాటిని సహించడం హెరాల్డ్ రిడ్లే అనే డాక్టరు గమనించాడు. అదే ప్లాస్టిక్‌తో కటకం చేయించి 1949 నవంబరు 29న లండన్‌లో మొదటిసారి కంట్లో అమర్చాడు. తోటి డాక్టర్లు చాలా ఏళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళు ఒప్పుకునేసరికి మనకి ధర అడ్డమొచ్చింది. దిగుమతి లెన్సు వంద డాలర్లంటే మా ఊరివాళ్ళకి ఎక్కడిది? 1992లో మదురైలో అరవింద్ వాళ్ళ ఆరోలాబ్ మొదలై, పది డాలర్ల ప్రాంతానికి దించేదాకా అది పట్నపు వైభోగమే. ఆ తర్వాత 1994 నుంచి 2002 దాకా ప్రపంచ బ్యాంకు సాయంతో ఏడు రాష్ట్రాల్లో శుక్లాల ప్రాజెక్టు నడిచింది. మన రాష్ట్రం అందులో ఒకటి.

నాకు బాగా నచ్చిన పని మాత్రం ఒక సర్వే. 1996-2000 మధ్య హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు చేసింది. హైదరాబాదు నగరం, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్... ఈ నాలుగు చోట్లా 10,293 మందిని స్వయంగా పరీక్షించారు. (చివరి రెండూ పేద జిల్లాల కోటాలో. ఆ కోటా మనకెప్పుడూ తప్పలేదు.) తేలిందేమంటే, గుడ్డితనం 1.84 శాతం. అందులో 44 శాతానికి కారణం శుక్లం. ఇంకో 16 శాతానికి కేవలం సరైన అద్దాలు లేకపోవడం. కటకం తీసేయించుకుని అద్దాలు లేకుండా మిగిలినవాళ్ళు కూడా ఈ రెండో లెక్కలోనే వస్తారు. ఆ పేపరు మొదటిసారి చదివినప్పుడు కాసేపు స్క్రీన్ మూసేశాను.

తర్వాత ఆ సంస్థ వాళ్ళు ఆసుపత్రిని ఊళ్ళ దగ్గరికి తెచ్చారు. యాభై వేల మందికి ఒక చిన్న కంటి పరీక్షా కేంద్రం, పైన ఐదు లక్షల మందికి ఒక ఆపరేషన్ల కేంద్రం. నాగర్‌కర్నూల్ దగ్గర తూడుకుర్తిలో ఉన్నది అలాంటి ఆపరేషన్ల కేంద్రమే. అద్దం పగిలితే జిల్లా దాటక్కర్లేదు. డిజైన్ అంటే ఇదీ. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగు గురించి ఎవరి రాజకీయం వాళ్ళది గానీ, మొదటి విడతలో కోటిన్నర మంది కళ్ళు పరీక్షించి, దగ్గరచూపు అద్దాలు అక్కడికక్కడే చేతిలో పెట్టడం చిన్న సంగతి కాదు.

మా అమ్మకి మొన్న ఏడాది ఆపరేషన్ అయింది. సన్న కోత, లోపల లెన్సు, కుట్లు లేవు. మర్నాడు కట్టు విప్పగానే నన్ను ఎగాదిగా చూసి, "ఇంత నల్లగయినవేందిరా, అన్నం తింటలేవా?" అంది. ఇప్పుడు ఒక్కతే బస్సెక్కి చెల్లెలి ఇంటికి పోతోంది. నేను పంపిన స్మార్ట్ వాచీ పెట్టెలోనే ఉంది.

ఆ పెట్టె సర్దుతుంటేనే నాయనమ్మ అద్దాలు దొరికాయి, దారంతో సహా. కుతూహలం కొద్దీ కళ్ళద్దాల షాపులో ఇచ్చి పవరు చూడమన్నాను. పగుళ్ళున్నా కుడివైపుది మిషన్‌లో పట్టింది. రెండు వైపులా ఒకటే నంబరు, ప్లస్ 10. క్యాంపులో అందరికీ అదే ఇచ్చేవాళ్ళట. నాయనమ్మకి ఆపరేషన్ అయింది కుడికన్ను ఒక్కదానికే.