వార్తకు ఆధారమేమిటి?

విలేఖరి మాట ప్రమాణమనీ, బ్లాగరు మాట పుకారనీ కొందరు విమర్శకులు తేల్చేస్తున్నారు. అమెరికాలో 2004వ సంవత్సరం ఈ విభజనను నిలవనివ్వదని నా అభిప్రాయం. ఇరాక్ ఆయుధాలపై తాను వేసిన వార్తల్లో తగినంత పరిశీలన లోపించిందని న్యూయార్క్ టైమ్స్ మే 26న ఒప్పుకుంది. అప్పటికి యుద్ధం మొదలై ఏడాది దాటింది. సెప్టెంబరు 8న బుష్ సైనిక సేవ గురించి సి.బి.ఎస్. చూపిన పత్రాల్లోని అక్షరాలు 1970ల నాటి టైపురైటరువేనా అని బ్లాగర్లు గంటల్లోనే నిలదీశారు. అవి అసలైనవని నిరూపించలేమని సంస్థ 20న అంగీకరించింది. అయితే నవంబరు 2న, పోలింగు ముగియకముందే, కెర్రీ ముందున్నాడన్న అసంపూర్ణ సర్వే అంకెలను ప్రచారం చేసినవీ బ్లాగులే. గెలిచినవాడు బుష్.

పత్రికకు సంపాదకుడున్నాడు, యజమానీ ఉన్నాడు. బ్లాగరుకు తరచు ఇద్దరూ లేరు. కనుక ఆధారం చూపమని ఇద్దరినీ అడగడమే పాఠకుని హక్కు, రచయిత బాధ్యత.