సిద్ధాంత నవలలు - మన్యపు కొండలు

ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' వెలువడిన 1922వ సంవత్సరముననే, ఆగస్టు 22వ తేదీన, అల్లూరి సీతారామరాజు విశాఖ మన్యమందలి చింతపల్లి ఠాణాపై దాడి వెడలి తుపాకులను గొనిపోయెను. ఈ రెండింటికిని ప్రత్యక్ష సంబంధమేదియు లేదు. ఒకటి, పల్నాటి పుల్లరి ఉద్యమ సందర్భమున చెరసాలపాలైన బారిష్టరు రచించిన నవల. రెండవది, 1882 నాటి మద్రాసు అటవీ చట్టము పోడును, వంటచెరకును, పశువుల మేతను హరింపగా, బాటల పనికి న్యాయమైన కూలియైనను ముట్టక విసిగిపోయిన కొండప్రజల తిరుగుబాటు. ఐనను తరువాతి అర్ధశతాబ్దిలో, చదువుకొన్న తెలుగు యువకుని హృదయమున ఈ రెండును ఒకదానితో నొకటి పెనవేసికొనిపోయినవి. నవల ముగించి తలయెత్తినవాడు కొండలవైపు చూచుట మొదలిడెను. ఆ చూపు కాలక్రమమున ఏయే మార్పులకు లోనైనదో పరిశీలింపదగినది.

మాలపల్లిని మద్రాసు ప్రభుత్వము 1923లో నిషేధించినది. నిషిద్ధ గ్రంథమునకు పదునారేండ్ల వయస్సునందు గల ఆకర్షణ వేరుగా చెప్పనక్కరలేదు. ఆ వయస్సున చదివినవానికి అందులో మిక్కిలి ప్రియుడగువాడు వెంకటదాసు: అన్యాయమును సహింపజాలక తక్కెళ్ళ జగ్గడై, ధనికులను దోచి పేదలకు పంచిపెట్టు సాహసి. చింతపల్లి ఠాణా వార్తను, తక్కెళ్ళ జగ్గని కథను ఒకే ఆవేశముతో గ్రహించిన యువకునకు ఆ నవలయందు రామదాసు కానరాడు. పొలము పోయి, కొడుకులు పోయి, ఉన్న యింటికిని దూరమై, ఎవరిని నిందింపవలయునో తెలిసియు నిందింపక నిలిచిన ఆ వృద్ధుని శాంతము యువకునకు పిరికితనముగా తోచును. ముప్పదియేండ్లు దాటి, తానును కొన్నింటిని పోగొట్టుకొన్న తరువాత మరల ఆ గ్రంథమును విప్పినవానికి మాత్రము, ఉన్నవవారు తమ సర్వశక్తులను ధారవోసినది ఆ వృద్ధునియందేయని తెలియవచ్చును. నా అభిప్రాయమున ఆ నవల నేటికిని నిలుచుటకు కారణము సిద్ధాంతము కాదు, రామదాసే.

సిద్ధాంతము ఒకే దిక్కునుండి వచ్చినది కాదు. విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు' 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని అడవి బాపిరాజుగారి 'నారాయణరావు'తో పంచుకొన్నది. ఒక యింటి కుమారుడు 'వేయిపడగలు' నాయకుడగు ధర్మారావు వెంట సుబ్బన్నపేటకు పోయి సనాతన ధర్మమునకు కావలి నిలువగా, పొరుగింటివాడు చలముగారి 'మైదానము' చేతబూని వివాహవ్యవస్థను కూలద్రోయ సంకల్పించుచుండెను. చలముగారు 1950లో అరుణాచలము చేరి రమణాశ్రమ సన్నిధిని శేషజీవితము గడపిరి. ఆయన పూర్వగ్రంథములను పట్టుకొని వాదించు పిల్లలు మాత్రము బెజవాడలోను రాజమహేంద్రవరములోను తరతరమునకు పుట్టుచునే యున్నారు. రచయిత కదలిపోయినను పాఠకుడు నిలిచినచోటనే నిలుచుట ఈ జాతి గ్రంథముల చరిత్రలో తరచుగా కనబడు విషయము.

గోర్కీ 'అమ్మ' క్రొవ్విడి లింగరాజుగారి అనువాదము ద్వారా తెలుగువారి సొంత గ్రంథమైపోయినది. విశాలాంధ్ర పుస్తకశాలలలో అల్పమూల్యమునకు లభించిన సోవియట్ ప్రచురణలు, పల్లెలందలి గ్రంథాలయములు, కార్మిక సంఘముల పఠన మందిరములు దానిని బడిపిల్లల చేతులకు చేర్చినవి. యౌవనమున చదివినవాడు ఎర్రజెండా పట్టిన పావెల్ తానేయని భావించును. ఆ నవలలోని అపూర్వఘట్టము వేరొకచోట నున్నది: నలువదియేండ్ల వయస్సున, జీవితమంతయు దెబ్బలు తిన్న ఆ తల్లి, సిగ్గుపడుచు, కన్నీరు పెట్టుకొనుచు అక్షరములు నేర్చుకొనుట. ఆ దృశ్యమునందు ఏ ప్రచారమును లేదు.

ఇక కొండల మాట. శ్రీకాకుళపు మన్యమున వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసము అను ఇద్దరు ఉపాధ్యాయులు గిరిజనుల నడుమ సంవత్సరములకొలది నివసించి, వెట్టి మాన్పుటకు, కూలి పెంచుటకు, సాహుకార్ల చేతజిక్కిన భూములను విడిపించుటకు సంఘము కట్టిరి. వీరిని నవలలు తయారుచేసినవనుట వారి శ్రమకు అపచారము. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద కోరన్న, మంగన్న అను గిరిజనులను భూస్వాముల వర్గము కాల్చిచంపినది. మరుసటి సంవత్సరము చివరకు ఉద్యమము సాయుధ రూపము దాల్చినది. 1970 జూలై 10న సత్యనారాయణ, కైలాసములు హతులైరి. దానికి ఆరు దినములకు పూర్వమే విప్లవ రచయితల సంఘము ఏర్పడియుండెను. మైదానప్రాంతపు కళాశాలలనుండి ఎందరో యువకులు అడవిబాట పట్టినది ఆ దినములలోనే.

ఇచ్చట గమనింపవలసినది ఒకటి గలదు. ఆ యువకులను కదిలించిన నవల కొండనెక్కలేదు. కొండల పాదమునందలి పల్లెలలో ప్రజలను కదిలించినది సుబ్బారావు పాణిగ్రాహి జముకులకథ. 1969 డిసెంబరులో ఆయనయు కాల్చివేయబడెను. నవల ఏకాంతమున చదువుకొనునది. జముకులకథ పదిమంది నడుమ, రాత్రివేళ, వినువారి ముఖములు చూచుచు చెప్పునది. మొదటిదానిలో పాఠకుడు తానే నాయకుడు కాగలడు. రెండవదానిలో ప్రక్కన కూర్చున్నవాడు ఎల్లప్పుడును కనబడుచుండును. కౌమారమున సిద్ధాంత నవల కలిగించు మైకమునకు మూలము ఈ ఏకాంతమేయని నేను నమ్ముదును. అందు లోకమంతయు ఒక్కని నిర్ణయముకొరకు వేచియున్నట్లు తోచును. కొండలు రంగస్థలమగును, కొండవారు సాక్షులగుదురు.

ఆ దృష్టిని మార్చగల గ్రంథము అరకు లోయకు ఆవలి వాలుననే పుట్టినది. కొరాపుట్టు కొండలలో ఉద్యోగము చేసిన గోపీనాథ్ మొహంతి 1945లో ఒడియా భాషలో 'పరజా' నవలను ప్రకటించిరి. అందలి తెగవారి బంధువర్గము పోర్జలను పేర అరకు, ముంచంగిపుట్టు ప్రాంతములయందు నేటికిని జీవించుచున్నది. సుక్రు జాని అను రైతుకు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు, కొంచెము భూమి, దానిని పెంచుకొనవలెనను చిన్న ఆశ. అటవీ ఉద్యోగి కన్ను కూతురుపై పడుట, అది సాగకపోగా అడవి నరికినాడని జుర్మానా విధించుట, జుర్మానాకై అప్పు, అప్పుకై తండ్రియు ఒక కొడుకును సాహుకారు ఇంట వెట్టికి పోవుట, తుదకు భూమి పోవుట - ఈ క్రమమంతయు మెట్టుమెట్టుగా, ఎచ్చటను ఉపన్యాసము లేక సాగును. కట్టకడపట గొడ్డలి లేచును; లేపినవారు నేరుగా ఠాణాకు పోయి లొంగిపోవుదురు. అల్లూరి అనుచరులకును, లేవిడి మృతులకును తెలిసిన దుఃఖమే అది. కాని దానిని పాఠకుని నిశ్చయమునకు ఋజువుగా మొహంతి వాడుకొనలేదు. పండుగ, సారా, పాట, అన్నదమ్ముల కలహము, పడుచుల చిలిపితనము - వీనికన్నింటికిని ఆ నవలలో చోటున్నది. తెలుగున భూషణముగారి 'కొండగాలి' కథలు కొంతవరకు ఈ మార్గమును త్రొక్కినవి. ఆయన మన్యమును ఎరిగినవారు. పోరాటమును వ్రాయుచునే పోరాడు మనిషిని విడువలేదు.

1980 తరువాత పట్టణపు యువకుల మోజు వేరైనది. యండమూరి వీరేంద్రనాథ్ నవలలందలి ఒంటరి విజేతయు, ఆంగ్లము చదువగలవారికి అయన్ రాండ్ 1943లో ప్రకటించిన 'ది ఫౌంటెన్‌హెడ్' నాయకుడును, విప్లవవీరుని స్థానమును ఆక్రమించిరి. ధ్వజము మారినను, తానొక్కడే సత్యమెరిగినవాడనను ఆ తీయని నమ్మకము మారలేదు.

కొండలలోని చరిత్ర నవలలకొరకు ఆగలేదు. బొర్రా ప్రాంతమున గనుల కౌళ్ళపై 'సమత' సంస్థ నడపిన వ్యాజ్యమున 1997లో సర్వోన్నత న్యాయస్థానము, షెడ్యూల్డు ప్రాంతములందలి ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల నిమిత్తము కౌలుకిచ్చుట చెల్లదని తీర్పు చెప్పెను. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలము లివిటిపుట్టు వద్ద అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ సభ్యుడు సివేరి సోమను మావోయిస్టులు కాల్చిచంపిరి, ఇరువురును గిరిజనులే. పీడకుడు ఇటు, విమోచకుడు అటు, నడుమ మూగజనము అను పాత నవలల పటములో ఆ మరణములకు చోటు చూపుట అసాధ్యము.

ఇప్పుడు పార్వతీపురపు కొండలనుండి మల్లిపురం జగదీశ్ వంటివారు తమ కథలను తామే వ్రాయుచున్నారు. ఆయన 'శిలకోల' అందుకు నిదర్శనము. అరకు, పాడేరుల ఆశ్రమ పాఠశాలలలో ఇంట కువియో, ఆదివాసీ ఒడియాయో మాటలాడి, బడిలో తెలుగు నేర్చు బాలబాలికలు నేడు పదునైదు, పదునారేండ్ల పాఠకులు. మాలపల్లిని వారి చేతికిచ్చిన నాడు వారు జగ్గని వెంట పోవుదురో, రామదాసు చెంత కూర్చుందురో మైదానపు విమర్శకుడు నిర్ణయింపలేడు. ఆ లోయలోని బడి గ్రంథాలయములలో మాలపల్లి ప్రక్కన పరజాయు, వాని ప్రక్కన శిలకోలయు ఉండవలెను; చదివిన పిల్లలు వ్రాయుటకు తెల్లకాగితములును ఉండవలెను.