పటికలో మూడు కట్టడములు

అమీరుపేటనుండి పంజగుట్టకు నడచి వచ్చునపుడు, అంగళ్ల గుమ్మములపై నల్లదారమున వ్రేలాడు పటికగడ్డలను నేను ఎన్నో మారులు చూచితిని. అవి దృష్టిదోషమును పోగొట్టునో లేదో చెప్పజాలను. మన పెద్దలు బురదనీటిలో పటికముక్కను త్రిప్పి నీటిని తేర్చుకొనుట మాత్రము అనుభవసిద్ధము. ఈ పటికయే పండితులను నూఱేండ్లకు పైగా ఒక పొరపాటులో ఉంచినది. ఆ కథ నేడు మీకు విన్నవించెదను.

వేడినీటిలో పటికను నిండుగా కరిగించి, చల్లారిన పిదప చిన్న పలుకునొకదానిని దారమున కట్టి వ్రేలాడదీసినచో, కొన్నాళ్లకు ఎనిమిది ముఖముల స్ఫటికము పెరుగును. పటికలోని పొటాషియమునకు బదులు అమోనియమును, అల్యూమినియమునకు బదులు క్రోమియమును ఉంచినను ఆ రూపము మారదు. ఊదారంగు క్రోమియపు పటికను తెల్లపటిక ద్రావణములో ఉంచినచో దానిపై తెల్లపటిక అద్దపు తొడుగువలె పెరుగును. ఇది నేను చేసి చూచినదే. ఇట్టి పోలికలనుబట్టి 1819లో బెర్లినున మిచెర్లిఖ్ పండితుడు, కూర్పు ఒకే తీరుదైన లవణములకు స్ఫటికరూపమును ఒకటే యని సూత్రించెను. బయటి రూపము ఒకటైనపుడు లోపలి కట్టడమును ఒకటే యని పిదపివారు తలచిరి.

1893లో జూరిచ్ నగరమున ఆల్ఫ్రెడ్ వెర్నరు, లోహపు పరమాణువు తన చుట్టును నియమితసంఖ్యలో పరివారమును నిలుపుకొనునని చెప్పెను. పటికలో అల్యూమినియము చుట్టును ఆరు నీటి అణువులున్నవి. ఆ పరివారమునకు వెలుపల సల్ఫేటు అయానులును, పొటాషియము అయానులును ఉండును. విద్యుదావేశమును సరిపుచ్చుటకు వచ్చిన ఈ వెలుపలివారికి కట్టడముతో పని యేమని తోచును. కాని పని ఉన్నది.

1912 తరువాత ఎక్సుకిరణములతో స్ఫటికము లోపల చూచుట సాధ్యమయ్యెను. 1935లో ఇంగ్లండున హెన్రీ లిప్సన్, పటికలు ఒక తెగ కాదు, మూడు తెగలని నిరూపించెను. అల్యూమినియమును, దాని ఆరు నీళ్లును మూడింటను ఉన్నవి. మారినది వెలుపలి అయాను పరిమాణమే. పొటాషియమున్నచోట ఒక అమరిక. దానికంటె చిన్నదైన సోడియము వచ్చినచో సల్ఫేటు తలక్రిందుగ తిరుగును. మిక్కిలి పెద్దదైన సీసియము వచ్చినచో, దాని చుట్టునున్న ఆరు నీళ్లు ఇంచుమించు ఒకే తలమున వలయముగా పఱచుకొనును. మూడింటి సౌష్ఠవవర్గము మాత్రము ఒక్కటే. కంటికి భేదము చిక్కకుండుటకు కారణమదియే.

ఈ సౌష్ఠవశాస్త్రమున మనవారి కృషియు కలదు. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతముగారు, వేంకటరాయుడుగారితో కలసి దీనిపై వ్రాసిన గ్రంథమును 1948లో ఆంధ్రవిశ్వవిద్యాలయము ప్రకటించెను. భగవంతముగారు 1952లో మన ఉస్మానియాకు ఉపాధ్యక్షులైరి.

అంగళ్లలో దొరకు పటిక సాధారణముగా పొటాషియముదో అమోనియముదో అయి యుండును. ఈ రెండును ఒకే తెగవి. సోడియపు పటిక నీట మితిమీరి కరుగును గనుక గడ్డగా పెంచుట కష్టము. దానిని గుమ్మమున కట్టిన అంగడివానిని నేనింకను చూడలేదు.