ఇంపాలా – సోనీ బీఎంజీ వివాదం
సోనీ, బెర్టెల్స్‌మన్ సంస్థల రికార్డింగ్ వ్యాపారాల విలీనంపై ఐరోపాలోని స్వతంత్ర సంగీత కంపెనీలు నడిపిన న్యాయపోరాటం. వీటి సంఘం ఇంపాలా 2000లో ఏర్పడింది, కేంద్రం బ్రస్సెల్స్. 2004 జులైలో ఐరోపా కమిషన్ షరతుల్లేకుండా విలీనానికి పచ్చజెండా ఊపింది. అయిదు పెద్ద కంపెనీలు నాలుగైతే ధరల విషయంలో కూడబలుక్కోవడం తేలికవుతుందని ఇంపాలా కోర్టుకెక్కింది. 2006 జులై 13న లక్సెంబర్గ్‌లోని ప్రాథమిక న్యాయస్థానం ఆ అనుమతిని రద్దు చేసింది; భవిష్యత్ ప్రభావాలపై కమిషన్ పరిశీలన పైపైనే సాగిందని తప్పుపట్టింది. అప్పటికే విలీనంతో పుట్టిన కొత్త కంపెనీ సోనీ బీఎంజీ పాటలమ్ముకుంటోంది! కమిషన్ 2007లో మళ్లీ సరేనంది. 2008లో పైకోర్టు 2006 తీర్పును కొట్టేసింది. అదే ఏడాది బెర్టెల్స్‌మన్ వాటాను సోనీ కొనేసింది. 2012లో పెద్ద సంగీత కంపెనీల్లో ఒకటైన యూనివర్సల్, మరో పెద్ద కంపెనీ ఈఎంఐని కొన్నప్పుడూ ఇంపాలా అడ్డుచెప్పింది. ఈసారి ఈఎంఐకి చెందిన పార్లోఫోన్ లేబుల్‌ను అమ్మేయాలని కమిషన్ షరతు పెట్టింది. ఆ లేబుల్ కింద వచ్చిన బీటిల్స్ పాటలు మాత్రం యూనివర్సల్‌కే దక్కాయి.