చెవికి కొలబద్ద

1933 ఏప్రిల్ 27 రాత్రి. వాషింగ్టన్ నగరంలోని కాన్‌స్టిట్యూషన్ హాలులో శ్రోతలు నిండి ఉన్నారు. వేదికపై వాద్యగాండ్రు ఒక్కరూ లేరు. తెర చాటున ఎడమ, మధ్య, కుడి స్థానాలలో మూడు లౌడ్‌స్పీకర్లు మాత్రమున్నవి. వాద్యబృందం సుమారు 140 మైళ్ళ దూరాన ఫిలడెల్ఫియాలో వాయిస్తున్నది. అక్కడి మూడు మైక్రోఫోన్లు గ్రహించిన ధ్వని మూడు వేర్వేరు టెలిఫోను మార్గాలలో వచ్చి ఇక్కడ పలికింది. బృంద నాయకుడు స్టొకోవ్‌స్కీ తన స్థానాన్ని స్మాలెన్స్‌కు అప్పగించి, వాషింగ్టన్ హాలు వెనుకభాగాన కూర్చుండి, ధ్వనిని హెచ్చించే, తగ్గించే మీటలను స్వయంగా త్రిప్పాడు.

నేడు ఇంట్లో హోం థియేటరు అమర్చుకొనేవారి పనీ ఇదే. కాని స్టొకోవ్‌స్కీ చెవి వంటిది అందరికీ ఉండదు. ఆ మాటకొస్తే, ఎంత ఆరితేరిన చెవి అయినా కొలబద్దగా పనికివస్తుందా?

ఆ ప్రదర్శన వెనుకనున్న బెల్ ప్రయోగశాల శాస్త్రజ్ఞుడు హార్వే ఫ్లెచర్, తన సహచరుడు మన్సన్‌తో కలిసి అదే సంవత్సరం దీనికి జవాబు ప్రకటించాడు. సెకనుకు 1000 కంపనాల స్వరంతో ఇతర స్వరాలను పోల్చి, రెండూ సమానంగా వినిపించే స్థాయిని శ్రోతలచేత చెప్పించారు. ధ్వని మందంగా ఉన్నప్పుడు 50 కంపనాల స్వరానికి సుమారు 30 డెసిబెల్లు అధికంగా ఇస్తేనే గాని అది సమానంగా వినిపించలేదు. ధ్వని పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గిపోయింది. అంటే చెవి తూకం నిలకడైనది కాదు.

డెసిబెల్ టెలిఫోను ఇంజనీర్లు 1920 దశకంలో ఏర్పరచుకొన్న కొలత. శక్తి రెట్టింపయితే 3 డెసిబెల్లు, పదిరెట్లయితే 10, నూరురెట్లయితే 20 పెరుగుతాయి. పదిరెట్ల శక్తి కూడా చెవికి సుమారు రెట్టింపుగానే తోస్తుంది. రిసీవరు కొనేవారు తరచు పొరబడేది ఇక్కడే. 50 వాట్ల రిసీవరుకు బదులు 100 వాట్లది కొంటే లభించేది 3 డెసిబెల్లే! ఒక వాటుకు, ఒక మీటరు దూరాన 88 డెసిబెల్లు పలికే స్పీకరుకు బదులు 91 పలికేది ఎంచుకొన్నా అదే ఫలం. ముందు స్పీకరును, గది కొలతను చూచి, తరువాత వాట్ల సంగతి ఆలోచించడం మేలు.

1940లో వాల్ట్ డిస్నీ ‘ఫాంటేసియా’ చిత్రానికి మూడు ధ్వనిమార్గాలతోపాటు, వాటి హెచ్చుతగ్గులను తానే నడిపే నాలుగవ మార్గమొకటి చేర్చారు. ఖర్చు భరించలేక అది కొద్ది నగరాలకే పరిమితమయింది. చివరకు సినిమాశాలలకు ఒకే కొలత కుదిరినది 1970 దశకంలో, డాల్బీ సంస్థ కృషి వలన. జలపాతపు హోరును పోలిన ‘పింక్ నాయిస్’ను ముందు స్పీకర్లు ఒక్కొక్కదానిలో పలికించి, ప్రేక్షకుని స్థానంలో మీటరు 85 డెసిబెల్లు చూపేటట్లు సరిచేస్తారు. చిత్రంలోని తీవ్రధ్వనులు దానికి 20 డెసిబెల్లు పైకి పోవచ్చు. 85కు ఒక వాటు చాలినచోట అప్పుడు 100 వాట్లు కావాలి.

ఇంటి రిసీవర్లలోని పరీక్షాధ్వని సాధారణంగా 10 డెసిబెల్లు తక్కువలో ఉంటుంది. కనుక 75 చూచుకొంటారు. కూర్చునే చోట చెవి ఎత్తులో మీటరు నిలిపి, ఒక్కొక్క స్పీకరునే సరిచూడాలి. ఆరుబయట దూరం రెట్టింపయితే 6 డెసిబెల్లు తగ్గుతాయి. గదిలో గోడల ప్రతిధ్వని వలన అంత తగ్గదు. ఎంత తగ్గేదీ గదిని బట్టి మారుతుంది గనుక లెక్కవేసి చెప్పడం కంటె కొలవడమే సులభం. ఈ శ్రమ పడనిచోట పక్క స్పీకర్ల వాద్యఘోషలో మధ్య స్పీకరు పలికే సంభాషణ మునిగిపోతుంది.

అంతా సరిచేసి, రాత్రి పిల్లలు నిద్రించాక ధ్వని తగ్గిస్తే, మృదంగం వంటి మంద్రనాదాలు ముందుగా మాయమవుతాయి. స్పీకర్లలో లోపమేమీ లేదు. ఫ్లెచర్, మన్సన్ గీసిన రేఖల ధర్మమది. 2003లో ఆ రేఖలను అంతర్జాతీయ ప్రమాణంగా కొత్త కొలతలతో సవరించారు. కొన్ని రిసీవర్లు ధ్వని తగ్గినప్పుడు మంద్రస్వరాలను తామే కొంత హెచ్చించేది ఇటువంటి రేఖలను బట్టియే.